సత్యం షేర్లు, ఆగిపోయిన జీతాలు: కంపెనీని ముంచిన పెద్దల్ని చట్టం ఎక్కడిదాకా పట్టుకోగలదు?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. మీ నాన్నగారు 2007లో రిటైర్మెంట్ డబ్బుల్లోంచి హైదరాబాద్ ఐటీ కంపెనీ సత్యం కంప్యూటర్స్ షేర్లు 340 కొన్నారు. 2009 జనవరి తర్వాత వాటి ఊసే ఎత్తలేదు. ఇప్పుడు మీ తమ్ముడు పనిచేస్తున్న చిన్న కంపెనీలో మూడు నెలలుగా జీతాల్లేవు, జీతంలోంచి కోసిన పీఎఫ్ కూడా కట్టలేదు. యజమాని మాత్రం ఇంకో పేరుతో కొత్త కంపెనీ పెట్టాడు. ఇంత నష్టం చేసిన పెద్దవాళ్లకి ఏ శిక్షా పడదా, పడినా మాకేమైనా వస్తుందా అని మీ ప్రశ్న.

నేను హైదరాబాద్‌లో ప్రాక్టీసు చేస్తున్న కంపెనీ సెక్రటరీని. సత్యం కూలినప్పటికే ఈ వృత్తిలో ఉన్నాను. ఆ కేసులో వచ్చిన ఉత్తర్వులన్నీ వరసగా చదువుతూ వచ్చాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. జవాబుదారీ అనగానే మనవాళ్లు జైలు గురించే మాట్లాడతారు. జైలు అవసరమే, కాదనను. కానీ తప్పు చేసిన పెద్దమనిషి చేతిలోంచి మొట్టమొదట తీసుకోవలసినవి రెండు: కుర్చీ, డబ్బు. సత్యంలో కుర్చీని రెండు రోజుల్లో తీసేసుకున్నారు, అందుకే కంపెనీ బతికింది. డబ్బు మాత్రం పదిహేనేళ్లయినా ఉత్తర్వుల్లోనే తిరుగుతూ ఉండిపోయింది. మీ నాన్నగారి కష్టమంతా ఈ రెండో దగ్గరే ఉంది.

ముందు ఒక తేడా తేల్చుకుందాం. వ్యాపారంలో నష్టం రావడం నేరం కాదు, కాకూడదు కూడా. సరుకు అమ్ముడుపోలేదు, పెద్ద కస్టమర్ వెళ్లిపోయాడు, వడ్డీ పెరిగింది, కంపెనీ మూతపడింది. అలాంటి యజమానిని జైల్లో పెడితే రేపు ఎవరూ వ్యాపారం మొదలుపెట్టరు. నేను దగ్గరగా చూసిన మూసివేతల్లో చాలావాటిలో యజమాని సొంతిల్లు కూడా తాకట్టులోనే ఉంది. కానీ లెక్కలు తారుమారు చేయడం, కంపెనీ సొమ్ముని సొంతవాళ్ల సంస్థల్లోకి మళ్లించడం, ఉద్యోగి జీతంలోంచి కోసిన పీఎఫ్‌ని వాడేసుకోవడం వేరే సంగతి. అది పరాయి సొమ్ము తినడం. మీ నాన్నగారి విషయం, మీ తమ్ముడి విషయం రెండూ ఈ కోవలోకే వస్తాయి.

ఈ రెండింటి మధ్య ఇంకో రకం ఉంది. మోసం చేయలేదు, కానీ కళ్లు మూసుకుని నడిపారు. ఇక్కడ మన చట్టం బాగా బలహీనం. 2013 కంపెనీల చట్టం 166వ సెక్షన్ డైరెక్టర్లు శ్రద్ధగా, జాగ్రత్తగా పనిచేయాలని చెబుతుంది. తప్పితే జరిమానా లక్ష నుంచి ఐదు లక్షలు. కోట్లలో జీతం తీసుకునే మనిషికి ఆ జరిమానా ఒక లెక్క కాదు.

ఇక సత్యం. అప్పుడేం జరిగిందో ఇప్పటి కుర్రాళ్లకి పైపైనే తెలుసు, అందుకే కాస్త వివరంగా చెప్తాను.

2008 డిసెంబర్ 16న సత్యం బోర్డు, ప్రమోటర్ కుటుంబానికే చెందిన రెండు మేటాస్ కంపెనీలని 160 కోట్ల డాలర్లకు కొనాలని తీర్మానించింది. ఐటీ కంపెనీకి భూములు, రోడ్లు, కట్టడాల కంపెనీలతో పనేంటని ఇన్వెస్టర్లు తిరగబడ్డారు. కొన్ని గంటల్లోనే ఆ నిర్ణయాన్ని వెనక్కి తీసుకోవాల్సి వచ్చింది. లేని ఆస్తుల స్థానంలో ఉన్న ఆస్తుల్ని పెట్టడానికి అది ఆఖరి ప్రయత్నమని తర్వాత సత్యం వ్యవస్థాపకుడు, ఛైర్మన్ రామలింగరాజు గారే రాశారు. ఆ తీర్మానం చేసిన బోర్డులో ఎవరున్నారో గుర్తుందా? హార్వర్డ్ ప్రొఫెసర్, పెంటియం చిప్ రూపకర్తల్లో ఒకరు, మాజీ కేబినెట్ సెక్రటరీ, ఐఎస్‌బీ డీన్. అంతకు మూడు నెలల ముందు, 2008 సెప్టెంబర్‌లో, మంచి పాలనకు ఇచ్చే గోల్డెన్ పీకాక్ అవార్డు కూడా సత్యానికి వచ్చింది. పెద్ద పేర్లు చూసి మోసపోయింది మీ నాన్నగారొక్కరే కాదు.

2009 జనవరి 7న, రామలింగరాజు గారు మోసం ఒప్పుకుంటూ రాసిన ఆ ఉత్తరం బయటికొచ్చింది. పుస్తకాల్లో చూపించిన నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవు. 376 కోట్ల వడ్డీ లేదు. 1,230 కోట్ల అప్పు పుస్తకాల్లో చూపలేదు. రావలసిన బాకీలు 490 కోట్లు ఎక్కువ చేసి చూపారు. అన్నీ కలిపితే 7,136 కోట్లు. ఇంకా బాధ పెట్టే అంకె ఒకటుంది. సెప్టెంబర్‌తో ముగిసిన మూడు నెలలకి నిర్వహణ లాభం 649 కోట్లని చూపారు, నిజంగా వచ్చింది 61 కోట్లు. పులి మీద స్వారీలా తయారైంది, దిగితే అది తినేస్తుందేమోనన్న భయంతో దిగలేకపోయాను అని రాశారు. ముందురోజు 179 రూపాయల దగ్గరున్న షేరు ఆ సాయంత్రానికి 40 దిగువకు పడిపోయింది. మరో రెండు రోజుల్లో 11 రూపాయల 50 పైసల దాకా తాకింది.

ఆ రెండు రోజుల్లో జరిగిన మంచి పనిని మనం సరిగ్గా గుర్తుపెట్టుకోలేదు. జనవరి 9న కేంద్రం కంపెనీ లా బోర్డుకి వెళ్లి పాత బోర్డుని తప్పించింది. ఆ రోజే రాష్ట్ర పోలీసులు రాజు సోదరుల్ని, అంటే రామలింగరాజు గారినీ ఆయన తమ్ముడు రామరాజునీ, అరెస్టు చేశారు. జనవరి 11న కిరణ్ కర్ణిక్, దీపక్ పరేఖ్, సి. అచ్యుతన్‌లని కొత్త డైరెక్టర్లుగా వేశారు, కొద్ది రోజుల్లో ఇంకో ముగ్గురు వచ్చారు. వాళ్లు కస్టమర్లని ఆపుకున్నారు, జనవరి జీతాలు ఆగకుండా చూశారు, బ్యాంకుల నుంచి 600 కోట్లు అప్పు తెచ్చారు. ఏప్రిల్ 13కల్లా వేలం పూర్తయింది, టెక్ మహీంద్రా షేరుకి 58 రూపాయలిచ్చి పగ్గాలు తీసుకుంది. మొత్తం నూరు రోజుల లోపే. ఆ ఉత్తరం ప్రకారం కంపెనీలో 53,000 మంది ఉద్యోగులు. ఆ జనవరిలో మాదాపూర్ హాస్టళ్లలో ఉన్న పిల్లల తల్లిదండ్రులు ఊళ్లనుంచి ఫోన్లు చేసి ఏడ్చారు. ఇంటి లోన్లు అప్పుడే తీసుకున్న కుటుంబాలు వేలల్లో ఉండేవి. పాత యాజమాన్యాన్ని కేసు తేలేదాకా కుర్చీలోనే ఉంచి ఉంటే ఆ కంపెనీ ఫిబ్రవరి దాటేది కాదని నా గట్టి నమ్మకం. అదే అధికారాన్ని 2018 అక్టోబర్ 1న, 91 వేల కోట్ల అప్పులో ఉన్న ఫైనాన్స్ సంస్థ ఐఎల్ అండ్ ఎఫ్ఎస్ మీద కూడా వాడి బోర్డుని మార్చారు. అంటే చట్టంలో ఆ దారి ఉంది, పనిచేస్తుంది కూడా. వాడడానికే ప్రభుత్వాలు వెనకాడతాయి.

మోసం ఎలా జరిగిందో ఒక్క విషయం దగ్గరగా చూద్దాం, ఎందుకంటే బాధ్యత ఎవరిదన్నది అక్కడే తెలుస్తుంది. అమ్మకాలు పెంచి చూపడానికి కంపెనీ కంప్యూటర్లలోనే ప్రత్యేక లాగిన్‌తో 7,561 దొంగ ఇన్వాయిస్‌లు పుట్టించారు. ప్రాజెక్టు నడిపే టీములకి అవి కనపడకుండా దాచారు. అమ్మకం చూపితే డబ్బు కూడా చూపాలి కదా, దానికి దొంగ ఫిక్స్‌డ్ డిపాజిట్ రసీదులు తయారయ్యాయి. ఇక్కడ ఆడిటర్ చేయాల్సిన పని చాలా సులువు. ఫలానా తేదీకి ఈ కంపెనీ పేరున మీ దగ్గర ఎంత డిపాజిట్ ఉందని బ్యాంకుకి నేరుగా ఉత్తరం రాయాలి. బ్యాంకు జవాబు నేరుగా ఆడిటర్ ఆఫీసుకే రావాలి. మధ్యలో కంపెనీ మనిషి చేయి పడకూడదు. ఆర్టికల్‌షిప్‌లో చేరిన కుర్రాడికి కూడా ఈ పద్ధతి నేర్పుతారు. సత్యం ఆడిట్‌లో ఈ ఉత్తరాలు పంపడం, జవాబులు తీసుకోవడం రెండూ కంపెనీ చేతికే వదిలేశారని అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ 2011 ఏప్రిల్‌లో తేల్చింది. ప్రైస్ వాటర్‌హౌస్ భారతీయ సంస్థలు ఆ కమిషన్‌కి 60 లక్షల డాలర్లు, అక్కడి ఆడిట్ నియంత్రణ సంస్థకి 15 లక్షల డాలర్లు కట్టాయి.

మన దగ్గర అదే ఆడిట్ సంస్థ మీద షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ ఉత్తర్వు 2018 జనవరిలో వచ్చింది. లిస్టెడ్ కంపెనీల ఆడిట్ రెండేళ్లు చేయకూడదంది, 13 కోట్ల పైచిలుకు వెనక్కి కట్టమంది. తొమ్మిదేళ్లు పట్టిన ఆ నిషేధాన్ని అప్పిలేట్ ట్రిబ్యునల్ 2019 సెప్టెంబర్‌లో కొట్టేసి, డబ్బు కట్టమన్న భాగాన్ని ఉంచింది. నిషేధం సరైనదా కాదా అన్నది పక్కన పెడితే, ఈ ఆలస్యం మాత్రం క్షమించరానిది.

శిక్ష విషయానికొస్తాను. దర్యాప్తు సీబీఐ చేతికి వెళ్లింది. 226 మంది సాక్షులు, మూడు వేలకు పైగా పత్రాలు. హైదరాబాద్ ప్రత్యేక కోర్టు 2015 ఏప్రిల్ 9న పదిమందిని దోషులుగా తేల్చి ఏడేళ్ల జైలు, రాజు సోదరులకి కోట్లలో జరిమానా వేసింది. ఆ పదిమందిలో ఇద్దరు ఆడిటర్లు కూడా ఉన్నారు. నెల తిరగ్గానే, మే 11న, పై కోర్టు శిక్ష అమలు ఆపి బెయిలిచ్చింది. విచారణ ఖైదీగా రామలింగరాజు గారు అప్పటికే రెండున్నరేళ్ల పైచిలుకు జైల్లో గడిపారు. కాబట్టి "ఏ శిక్షా పడలేదు" అనడం నిజం కాదు. పడింది, సగంలో నిలిచింది.

ఇక్కడ మనవాళ్లు తరచూ అనే మాట ఒకటుంది. ఆయన 108 అంబులెన్సులు తెచ్చారు, పల్లెలకి మంచినీళ్లిచ్చారు, ఎంతోమందికి ఉద్యోగాలిచ్చారు, అంత మనిషిని ఇంకా ఏం చేస్తారు అని. 108 వల్ల బతికిన ప్రాణాలున్నాయి, దాన్ని నేను తక్కువ చేయను. 2005లో ఆ ఆలోచన చేసినందుకు ఆయనకి దక్కాల్సిన గౌరవం దక్కాలి. కానీ ఒకరికి చేసిన మేలు ఇంకొకరికి చేసిన కీడుకి చెల్లు కాదు. ఇన్వెస్టర్లు పోగొట్టుకున్నది 14 వేల కోట్లకు పైనేనని సీబీఐ లెక్క. అందులో మీ నాన్నగారి గ్రాట్యుటీ ఉంది. ఆ డబ్బు ఏ సేవకీ విరాళంగా ఇవ్వమని ఆయన సంతకం పెట్టలేదు.

డబ్బు సంగతి వింటే మీకు కోపం వస్తుంది, నాకూ వస్తుంది. 2014 జూలైలో సెబీ రామలింగరాజు గారినీ మరో నలుగురినీ 14 ఏళ్లు మార్కెట్‌కి దూరంగా ఉండమంది. అక్రమ లాభం 1,849 కోట్లు, 2009 జనవరి నుంచి 12 శాతం వడ్డీతో కట్టమంది. అప్పీళ్లు నడిచాయి. లెక్క మళ్లీ కట్టమన్నారు. 2018 నవంబర్‌లో ఆ మొత్తం 813 కోట్లయింది. మళ్లీ అప్పీలు, మళ్లీ వెనక్కి. 2023 నవంబర్ చివర్లో 624 కోట్లని ఇంకో ఉత్తర్వు. ఉత్తరం బయటికొచ్చిన దగ్గర్నుంచి అప్పటికి దాదాపు పదిహేనేళ్లు. ఆ మధ్యలో ఎంతమంది చిన్న షేర్‌హోల్డర్లు కాలం చేశారో.

అమెరికాలో ఏమైందో చూడండి. న్యూయార్క్ ఎక్స్‌ఛేంజ్‌లో సత్యం షేర్లకి బదులుగా అక్కడ అమ్మే పత్రాలు, అంటే ఏడీఆర్‌లు కొన్నవాళ్లు అందరి తరఫునా ఒకే దావా వేశారు. 2011లోనే కంపెనీ 12.5 కోట్ల డాలర్లకి, ఆడిట్ సంస్థ 2.55 కోట్ల డాలర్లకి రాజీకొచ్చాయి. ఇక్కడ మిడాస్ టచ్ అనే ఇన్వెస్టర్ల సంఘం జాతీయ వినియోగదారుల కమిషన్‌కి వెళ్తే కుదరదన్నారు. 2009 ఆగస్టులో సుప్రీంకోర్టు కూడా ఆ దారి కాదంది. ఒకే కంపెనీ, ఒకే మోసం. న్యూయార్క్‌లో కొన్నవాడికి ఎంతో కొంత దక్కింది, నాంపల్లిలో కొన్నవాడికి దక్కలేదు.

అందులో ఇంకో అన్యాయం ఉంది, చాలామంది గమనించరు. ఆ 12.5 కోట్ల డాలర్లు కట్టిందెవరు? తప్పు చేసినవాళ్లు కాదు, చేతులు మారిన కంపెనీ. అంటే అప్పటికి షేర్లు అమ్ముకోకుండా పట్టుకుని కూర్చున్న మీ నాన్నగారిలాంటి వాళ్ల వాటాలోంచే అది పోయింది. కంపెనీ మీద జరిమానా వేస్తే చివరికి నష్టపోయినవాడే కడతాడు. అందుకే జరిమానా మనిషి మీద, అతని సొంత ఆస్తి మీద పడాలని నేను ప్రతిచోటా వాదిస్తాను. వసూలైన డబ్బు ఖజానాలో కలవకుండా నష్టపోయినవాళ్లకి వెళ్లాలి. ఇది కొత్త కోరికేం కాదు. అమెరికా 2002 చట్టంలోనే ఆ ఏర్పాటు చేసుకుంది. మన దగ్గర కూడా 2003-05 నాటి ఐపీఓ కుంభకోణంలో జస్టిస్ వాధ్వా కమిటీ లెక్క కట్టి, వసూలైన సొమ్ముని నష్టపోయిన దరఖాస్తుదారుల ఖాతాల్లో వేయించింది. సెబీ వసూలు చేసే అక్రమ లాభాలు ఇన్వెస్టర్ల రక్షణ నిధికి వెళ్లి, అందులోంచి బాధితులకి ఇచ్చే వీలు ఇప్పుడు నిబంధనల్లో ఉంది. అంత వీలున్నా, ముందు వసూలైతేనే కదా పంచేది.

సత్యం తర్వాత వచ్చిన 2013 చట్టంలో పనికొచ్చేవి కొన్ని ఉన్నాయి. 447వ సెక్షన్ మోసానికి ఆరు నెలల నుంచి పదేళ్ల దాకా జైలు, మోసం చేసిన మొత్తానికి మూడింతల దాకా జరిమానా అంటుంది. ప్రజాప్రయోజనం దెబ్బతింటే కనీసం మూడేళ్లు. వినడానికి బాగుంది. కానీ మీరు నేరుగా కోర్టుకెళ్లి ఆ సెక్షన్ కింద ఫిర్యాదు వేయలేరు. తీవ్ర మోసాల దర్యాప్తు సంస్థ డైరెక్టర్ గానీ, కేంద్రం అధికారమిచ్చిన అధికారి గానీ వేస్తేనే కోర్టు తీసుకుంటుంది. దొంగ కేసులు ఆపడానికే ఇలా పెట్టారు, ఆ ఉద్దేశం అర్థమవుతుంది. ఫలితం మాత్రం ఏమిటంటే, చిన్నవాడు ఢిల్లీలో ఎవరో ఫైలు కదిలించేదాకా ఎదురుచూడాలి.

మామూలు షేర్‌హోల్డర్‌కి నేరుగా దొరికే ఆయుధం 245వ సెక్షన్. సత్యం నాడు ఇదే లేదు. వందమంది షేర్‌హోల్డర్లు కలిస్తే చాలు, కంపెనీల కేసులు వినే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌టీకి వెళ్లి డైరెక్టర్ల మీదా, ఆడిట్ సంస్థ మీదా నష్టపరిహారం అడగొచ్చు. లిస్టెడ్ కంపెనీలో 2 శాతం వాటా ఉన్నవాళ్లు కలిసినా సరిపోతుంది. డిపాజిట్‌దారులకీ ఇలాంటి హక్కే ఉంది, బ్యాంకులకి మాత్రం ఇది వర్తించదు. 2019లో సంఖ్యలు ఖరారయ్యాయి, అయినా ఇప్పటిదాకా దీన్ని వాడినవాళ్లు చాలా తక్కువ. కారణం ఖర్చు. లాయర్ ఫీజు ఎవరు పెట్టుకుంటారు? మనవైపు వాట్సాప్ గ్రూపులో ఐదువందలమంది తిట్టుకుంటారు గానీ, మనిషికి రెండువేలేసుకుని ఒక మంచి లాయర్‌ని పెట్టుకుందామంటే పదిమంది రారు. ఈ ఒక్క విషయంలో తప్పు చట్టానిది కాదు.

జీతాలు, బోనసుల మాట కూడా చెప్పాలి. దొంగ లెక్కల మీద వచ్చిన బోనస్ కూడా దొంగ సొమ్మే. 199వ సెక్షన్ ప్రకారం మోసం వల్ల లెక్కలు సరిదిద్దాల్సి వస్తే, ఎండీ, సీఈఓలు అదనంగా తీసుకున్న జీతాన్ని కంపెనీ తిరిగి వసూలు చేయాలి. ఆ పని చేయాల్సిన బోర్డు ఆ సీఈఓ స్నేహితులతో నిండి ఉంటే ఏం వసూలు చేస్తారు? కొత్త బోర్డు రావాల్సిందే. కుర్చీ ముందు అని నేను అనేది అందుకే. ఐసీఐసీఐ బ్యాంకు 2019 జనవరిలో తన మాజీ సీఈఓ విషయంలో 2009 ఏప్రిల్ నుంచి ఇచ్చిన బోనసులన్నీ వెనక్కి తీసుకోవాలని నిర్ణయించింది. మన దేశంలో అంత పెద్ద స్థాయిలో ఒక బోర్డు ఆ మాట అనడం నాకు ఆశ కలిగించిన విషయం.

నష్టం డబ్బుది కాక ప్రాణాలదైతే మన పరిస్థితి ఇంకా అధ్వాన్నం. భోపాల్‌లో 1984లో వేలమంది చనిపోతే, 2010లో భారతీయ అధికారులకి పడింది రెండేళ్ల శిక్ష. అమెరికా కంపెనీ ఛైర్మన్ ఆండర్సన్ విచారణకి రాకుండానే 2014లో చనిపోయాడు. మన విశాఖలో 2020 మే 7 తెల్లవారుజామున ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి వెలువడి పన్నెండుమంది ప్రాణాలు పోయాయి. హరిత ట్రిబ్యునల్ మర్నాడే తనంతట తానే కేసు తీసుకుని 50 కోట్లు డిపాజిట్ చేయమంది. రెండు నెలల్లో సీఈఓతో సహా పన్నెండుమంది అరెస్టయ్యారు. వేగం బాగుంది. ఫ్యాక్టరీల చట్టం ఒక మంచి సూత్రం పెట్టింది: కంపెనీ అయితే డైరెక్టర్లలో ఒకరే ఫ్యాక్టరీకి బాధ్యుడవ్వాలి, మేనేజర్ మీదకి నెట్టేసి తప్పుకోవడం కుదరదు. సుప్రీంకోర్టు 1996లో దాన్ని సమర్థించింది. లెక్కల మోసాల్లో కూడా ఇలా ఒక పేరు ముందే రాసిపెట్టి ఉంటే, తర్వాత ఎవరిది తప్పని వెతుక్కోవడానికి పదేళ్లు పట్టదు.

ఇక మీ తమ్ముడు చేయాల్సినవి. ముందు ఈపీఎఫ్‌ఓ సైట్‌లో గానీ ఉమంగ్ యాప్‌లో గానీ పాస్‌బుక్ తీసి, ఏ నెలనుంచి కట్టలేదో చూడమనండి. పే స్లిప్‌లో కోత కనపడి పాస్‌బుక్‌లో జమ లేకపోతే అది నమ్మకద్రోహం కింద క్రిమినల్ నేరం, యజమాని బాధ్యత వ్యక్తిగతం. కంపెనీ దివాళా తీసిందన్నది దానికి జవాబు కాదు. రెండు కాగితాలూ జతచేసి ఈపీఎఫ్‌ఓకి ఫిర్యాదు పెట్టాలి, వీలైతే ఐదారుగురు కలిసి పెట్టాలి. జీతం బాకీకి లేబర్ కమిషనర్ ఆఫీసు. కంపెనీ ఎన్‌సీఎల్‌టీలో దివాళా ప్రక్రియలోకి వెళ్తే పేపర్లో పబ్లిక్ నోటీసు వస్తుంది, ఆ గడువులోగా ఫారం డి నింపి క్లెయిము వేయాలి. చాలామంది ఉద్యోగులు "బ్యాంకులకే మిగలదు, మాకేం వస్తుంది" అనుకుని వేయరు. అది పొరపాటు. పీఎఫ్, గ్రాట్యుటీ నిధుల సొమ్ము అప్పులవాళ్లకి పంచే ఆస్తిలో కలవదు. యజమాని బ్యాంకుకి వ్యక్తిగత హామీ ఇచ్చి ఉంటే 2019 నుంచి అతని మీద కూడా దివాళా కేసు నడుస్తుంది. అతను కొత్త కంపెనీ పెట్టాడంటున్నారు కదా, కార్పొరేట్ వ్యవహారాల శాఖ సైట్‌లో డైరెక్టర్ నంబర్‌తో వెతికితే అతని కంపెనీలన్నీ కనపడతాయి. పాత కంపెనీ మెషీన్లు, కస్టమర్లు కొత్తదానికి మళ్లాయని తేలితే ఆ వివరాలు దివాళా ప్రక్రియ నడిపే రిజల్యూషన్ ప్రొఫెషనల్‌కి రాసి ఇవ్వండి. దివాళా చట్టం 66వ సెక్షన్ కింద అలాంటి మళ్లింపుకి యజమాని సొంత జేబులోంచి కట్టాలని ట్రిబ్యునల్ ఆదేశించొచ్చు.

ఆఖరుగా ఆ 340 షేర్లు. అమ్మేసి ఉండకపోతే అవి పోలేదు. 2013 జూన్‌లో మహీంద్రా సత్యంగా పేరు మారిన ఆ కంపెనీ టెక్ మహీంద్రాలో కలిసింది, 17 సత్యం షేర్లకి 2 టెక్ మహీంద్రా షేర్లిచ్చారు. ఆ లెక్కన 340కి 40. 2015లో ఒకటికి ఒకటి బోనస్ వచ్చింది, పది రూపాయల షేరు రెండు ఐదు రూపాయల షేర్లయింది. కాబట్టి 40 కాస్తా 160 అయి ఉండాలి. డీమ్యాట్‌లో ఉండి ఉంటే, మీ నాన్నగారి పాన్‌తో డీమ్యాట్ ఖాతాలు చూసే సంస్థలు ఎన్‌ఎస్‌డీఎల్ లేదా సీడీఎస్‌ఎల్ నుంచి ఖాతాల స్టేట్‌మెంట్ తెప్పించండి, పాత ఖాతా నిద్రాణంగా ఉన్నా అందులో కనపడతాయి. కాగితం సర్టిఫికెట్లయితే ఫోలియో నంబర్‌తో టెక్ మహీంద్రా షేర్ల రికార్డులు చూసే రిజిస్ట్రార్‌కి రాయండి. ఏడేళ్లు వరసగా డివిడెండ్ తీసుకోకపోతే షేర్లు కేంద్రం నిర్వహించే ఇన్వెస్టర్ నిధికి (ఐఈపీఎఫ్) వెళ్లిపోతాయి. ఆ నిధి సైట్‌లో మీ నాన్నగారి పేరు వెతకండి. ఉంటే ముందు కంపెనీ నుంచి అర్హత లేఖ తీసుకుని, ఐఈపీఎఫ్-5 ఫారం వేయాలి. దానికి ఫీజు లేదు, ఏజెంటుకి పర్సెంటేజీ ఇవ్వాల్సిన పనీ లేదు. పాత సర్టిఫికెట్‌లో ఉన్న పేరుకీ ఆధార్‌లో ఉన్న పేరుకీ ఇంటిపేరు దగ్గర తేడా ఉంటే ముందే అఫిడవిట్ చేయించి పెట్టుకోండి, దరఖాస్తులు ఎక్కువగా అక్కడే ఆగుతాయి.